టైల్స్ వేసే ముందు: ఇంటి కింది పాత మట్టి పైపులు ఉంచాలా, తీసేయాలా?

కుమార్‌పల్లి కోడలు
అందరికీ నమస్కారం. హనుమకొండ కుమార్‌పల్లిలో మా మామయ్య కట్టించిన ఇల్లు, యాభై ఏళ్లకు దగ్గర పడింది. రాతి పునాది, కింద షాబాద్ బండలు. ఇప్పుడు బండలు తీయించి టైల్స్ వేయిస్తున్నాం. వంటింట్లో బండలు లేపగానే కింద మట్టి నల్లగా, తడిగా ఉంది. ఒకటే వాసన. సుతారి (మేస్త్రీ) కొంచెం తవ్వితే గోధుమ రంగులో మెరుస్తున్న మట్టి గొట్టాలు బయటపడ్డాయి. రెండేసి అడుగుల ముక్కలు. ఒకదాని మూతిలోకి ఇంకొకటి దూర్చి సిమెంట్ పూశారు. రెండు చోట్ల ఆ సిమెంట్ ఊడిపోయింది, ఒక జాయింట్‌లోంచి సన్నటి వేర్లు లోపలికి పోయాయి.

లైన్ వెనుక లెట్రిన్, బాత్రూం దగ్గర మొదలై, వంటింటి కింద, హాలు మూల కింద నడిచి, మా బావ వాళ్ల వరండా కిందుగా ముందున్న సెప్టిక్ ట్యాంకులోకి వెళ్తుంది. పంపకాల్లో ఇల్లు రెండు భాగాలైంది గానీ లైన్ మాత్రం ఒక్కటే. సుతారి ఏమో ఊడిన చోట సిమెంట్ పూసి టైల్స్ వేసేద్దాం అంటున్నాడు. ప్లంబర్ ఏమో అదే దారిలో మొత్తం తవ్వి పీవీసీ వేయాలంటున్నాడు. టైల్స్ వచ్చేశాయి. ఏం చేయాలో తోచక టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

శివనగర్ టైల్స్ పని
మేడం, ముందు టైల్స్ పని ఆపండి. బాక్సులు పక్కన పెడితే పాడయ్యేది ఏమీ లేదు. తడి మట్టి మీద వేస్తే రెండు వానాకాలాలు గడిచేసరికి టైల్ కింద డొల్ల వస్తుంది. అప్పుడు టైల్ పగలగొట్టి మళ్లీ అదే పైపు దగ్గరికి రావాలి.

రిటైర్డ్ డీఈ
అమ్మా, మీరు చెప్పిన వాటిని స్టోన్‌వేర్ పైపులు అంటారు. మేం ఇంజినీర్లం సర్వీసులో ఎస్‌డబ్ల్యూ పైపు అనేవాళ్లం. వీటికి భారతీయ ప్రమాణం (ఇండియన్ స్టాండర్డ్) ఐఎస్ 651. మట్టి గొట్టాన్ని బట్టీలో కాలుస్తూ ఉప్పు వేస్తే ఆ ఆవిరికి పైన గాజు పొర ఏర్పడుతుంది. మీరు చూసిన మెరుపు అదే. పైపు మట్టుకు చాలా మంచి వస్తువు. తుప్పు పట్టదు, ఆమ్లానికి కరగదు. మట్టి పైపు అనగానే కుళ్లిపోయి ఉంటుందని అనుకోవద్దు.

చెడేది జాయింటు. తారులో నానబెట్టిన జనపనార తాడును మూతిలోకి కూరి, దాని మీద సమపాళ్లలో సిమెంటు, ఇసుక కలిపి పూసేవాళ్లు. ఎండాక అది రాయిలా బిగుసుకుంటుంది, ఇసుమంత కూడా వంగదు. కింద నేల కదిలితే జాయింటు పగలాలి, లేదా పైపు చిట్లాలి. దానికి తోడు మురుగులోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ పైపు పైభాగంలోని తేమలో ఆమ్లంగా మారి సిమెంటును తింటుంది. పైపును ఏమీ చేయలేదు గానీ జాయింటును వదలదు. మీ 60 అడుగుల లైన్‌లో (సుమారుగా అనుకుంటున్నాను) రెండడుగులకు ఒకటి చొప్పున ముప్పై దాకా జాయింట్లు ఉంటాయి. అదే 20 అడుగుల పీవీసీ అయితే మూడు పైపులతో అయిపోతుంది.

అందుకని కనబడిన రెండు జాయింట్లకు సిమెంట్ పూస్తే కనబడని ఇరవై ఎనిమిది అలాగే ఉంటాయి. అలాగని పరీక్ష చేయకుండా అంతా తవ్వేయమని కూడా చెప్పను. మీ నేల ఏమిటి? నల్లరేగడా, చెల్కా, మొరమా? దగ్గర్లో ఏ చెట్టు ఉంది?

గడ్డపార
డీఈ సార్ చెప్పింది నిజం. సుతారి పనిలో ఉన్నవాడిగా ఇంకోటి చెప్తా. పాత జాయింట్ మీద కొత్త సిమెంట్ పట్టదు. పైపు పై పొర నున్నగా ఉంటుంది, లోపల నీళ్లు పారుతూనే ఉంటాయి, అడుగు వైపు చెయ్యి పోదు. పైన సగం పూసి అయిపోయింది అంటారు. కారేది అడుగు నుంచి. మీ సుతారిని తప్పు పట్టడం లేదు, ఇంటివాళ్లకు ఖర్చు తగ్గుతుందని చెప్పి ఉంటాడు.

కుమార్‌పల్లి కోడలు
పైన రెండడుగులు నల్లమట్టి, కింద మొరం. పెరట్లో వేపచెట్టు ఉంది, లెట్రిన్‌కు పది అడుగుల దూరం. అత్తమ్మ నాటింది, దాన్ని కొట్టే మాట మాత్రం లేదు.

మంచిర్యాల రాజన్న
చెట్టు కొట్టాల్సిన పని లేదు అక్కా. వేరు పైపును పగలగొట్టి లోపలికి రాదు. కారే జాయింట్ దగ్గర తడి, ఎరువు దొరికి అటు వస్తుంది, సందు దొరికితే లోపలికి దూరుతుంది. జాయింట్ కారకపోతే వేరుకు అటు రావాల్సిన అవసరమే లేదు. మాకు రావిమొక్కతో ఇదే తిప్పలు, లైన్ మార్చాక మళ్లీ రాలేదు.

రిటైర్డ్ డీఈ
నల్లమట్టి అంటే వానాకాలం ఉబ్బి, మే నెలలో కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది. లైన్ ఏటా కొంచెం లేస్తూ కొంచెం దిగుతూ ఉంటుంది. బిగుసుకున్న జాయింట్లకు ఇదే శత్రువు.

ఇక పరీక్ష. ఖర్చు లేని పని, ప్లంబర్‌తో కలిసి మీరే చేయించవచ్చు.

మొదటిది అద్దం, లైటు. పైపు రెండు చివర్లు తెరవండి. ఒక చివర టార్చి, ఇంకో చివర అద్దం. అద్దంలో నిండు గుండ్రం కనబడితే లైన్ తిన్నగా ఉంది. సగం గుండ్రం కనబడితే మధ్యలో కుంగింది లేదా అడ్డం ఉంది. బంతితో చూడటం ఇంకో పద్ధతి: పైపు లోపలి వ్యాసం కంటే 13 మి.మీ. తక్కువున్న నున్నటి బంతిని పై చివర వదిలితే కింది చివర బయటికి రావాలి.

అసలు పరీక్ష నీళ్లది. కింది చివర గట్టిగా బిరడా బిగించి, పై చివర ఒక నిలువు పైపు పెట్టి, ఐదడుగుల ఎత్తు దాకా నీళ్లు నింపండి. మట్టం గుర్తు పెట్టి వదిలేయండి. లైన్‌ను ముక్కలుగా విడగొట్టి చూడాలి, ఒకేసారి మొత్తం కాదు. ఏ ముక్క నిలబడుతుందో, ఏది కారుతుందో తెలిస్తే ఎక్కడ తవ్వాలో తెలుస్తుంది. ఇది చేసేటప్పుడు ఇంట్లో అందరికీ చెప్పండి, ఎవరూ ఫ్లష్ నొక్కొద్దు.

కాజీపేట క్వార్టర్స్
చిన్న జాగ్రత్త. పాత ఇళ్లలో గోడకు బిగించిన గాలి పైపు బూడిద రంగులో, గరుకుగా ఉంటే అది ఆస్బెస్టాస్ సిమెంట్ పైపు అయి ఉండవచ్చు. దాన్ని కటింగ్ మిషన్‌తో పొడిగా కోయకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చెడ్డది, జబ్బు ఏళ్ల తర్వాత బయటపడుతుంది. తడిపి, ముక్కలు చేయకుండా జాయింట్ దగ్గర విప్పి తీయించండి. పనివాళ్లకు మంచి మాస్కు ఇవ్వండి. రుమాలు కట్టుకుంటే చాలదు.

కుమార్‌పల్లి కోడలు
పరీక్ష చేశాం. లెట్రిన్ నుంచి హాలు మూల దాకా నీళ్లు నిలవడమే లేదు, పోస్తుంటే దిగిపోతూనే ఉన్నాయి. ఆశ్చర్యం ఏంటంటే వరండా కింది ముక్క, అంటే హాలు దాటాక ట్యాంకు దాకా, గంట తర్వాత చూసినా మట్టం దాదాపు కదల్లేదు. అది ఆరు అంగుళాల పైపు. అద్దంలో నిండు గుండ్రం కనబడింది.

మా యారాలు (బావ భార్య) కొంచెం ఊపిరి పీల్చుకుంది. రెండేళ్ల క్రితమే వరండాలో గ్రానైట్ వేయించారు, అది పగలగొట్టాలంటే ఆమెకు బాధే. ఇప్పుడు లోపలి భాగం అదే దారిలో తవ్వాలా?

గడ్డపార
వద్దు అక్కా. ఇంటి కింద మళ్లీ లైన్ వేయొద్దు. పక్కన సందు ఉందా?

కుమార్‌పల్లి కోడలు
పడమర వైపు మూడడుగుల సందు ఉంది. వెనుక నుంచి ముందు దాకా ఖాళీయే. సైకిళ్లు పెడతాం, అంతే.

రిటైర్డ్ డీఈ
అయితే మీ సమస్య సగం తీరింది. గదుల కింద ఉన్న లైన్‌ను వదిలేసి సందులోంచి కొత్తది తీసుకెళ్లండి. మురుగు లైన్ ఎప్పుడైనా తెరిచి శుభ్రం చేసుకునేలా ఉండాలి. వంటింటి కింద ఉంటే ఆ వీలు ఎన్నటికీ ఉండదు. పాతకాలంలో దగ్గరి దారి అని గదుల కిందుగా వేశారు. ఆ దారినే పట్టుకుని వెళ్లాల్సిన అవసరం మనకు లేదు.

ముందు వాలు లెక్క చూడాలి. మూడు కొలతలు ఇవ్వండి: సందు పొడవు, ట్యాంకు దగ్గర పైపు అడుగు ఎంత లోతులో ఉంది, లెట్రిన్ దగ్గర నేల మట్టం. లెవల్ ట్యూబులో నీళ్లు నింపి కొలిపించండి. సెల్‌ఫోన్ యాప్‌ను నమ్మొద్దు.

కుమార్‌పల్లి కోడలు
వెనుక నుంచి కలిపే చోటుకు సరిగ్గా 60 అడుగులు (మీ అంచనా సరిపోయింది సార్). అక్కడ పైపు అడుగు నేల నుంచి 27 అంగుళాల లోతు. నేల రెండు వైపులా ఒకే మట్టం.

రిటైర్డ్ డీఈ
నాలుగంగుళాల పైపుకు 40కి 1 మంచి వాలు, అంటే పదడుగులకు మూడంగుళాలు. ఆరంగుళాల పైపుకు 60కి 1, పదడుగులకు రెండంగుళాలు. మీకు 60 అడుగులు, అంటే 720 అంగుళాలు. 40తో భాగిస్తే 18. కింద 27 ఉంటే పైన 9 అంగుళాల లోతులో మొదలవ్వాలి. పైపు మీద మట్టి ఐదంగుళాలకు మించదు, తక్కువే. 50కి 1 పెడితే 720ని 50తో భాగించి 14.4. అప్పుడు పైన పన్నెండున్నర అంగుళాల లోతు దొరుకుతుంది. 50కి 1 కూడా నాలుగంగుళాల పైపుకు సరిపోయే వాలే. మీకు అదే చెప్తాను. మొదటి పదిహేను అడుగుల్లో పైపు చుట్టూ కాంక్రీటు పోయించండి, అక్కడ లోతు తక్కువ కాబట్టి.

వాలు ఎక్కువైతే మంచిదే కదా అని చాలామంది అడుగుతారు. మరీ ఏటవాలుగా పెడితే నీళ్లు ముందే జారిపోయి గట్టి పదార్థం వెనుక మిగిలిపోతుంది. అంతకంటే ముఖ్యం, వాలు మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉండాలి. మధ్యలో ఒక్క చోట కుంగినా అక్కడ ఎప్పుడూ నిల్వ ఉంటుంది.

హంటర్ రోడ్ ప్లంబర్
పైపు ఎంపిక గురించి. షాపులో పీవీసీ ఇవ్వు అంటే ఏదో ఒకటి ఇచ్చేస్తారు. గోడల మీద, డక్టులో వేసేది బూడిద రంగు ఎస్‌డబ్ల్యూఆర్ పైపు (మురుగు, వాడిన నీళ్లు, వాననీళ్ల కోసం), ఐఎస్ 13592. అందులో టైప్ ఎ వాననీళ్లకు, గాలి పైపుకు. టైప్ బి లెట్రిన్, బాత్రూంకు. భూమిలో వేయడానికి వేరే ఉంది: ఐఎస్ 15328, ఇటుక రంగులో వస్తుంది. పైపు మీద ఎస్ఎన్ 2, ఎస్ఎన్ 4, ఎస్ఎన్ 8 అని ముద్ర ఉంటుంది. సంఖ్య పెరిగేకొద్దీ మట్టి బరువును బాగా తట్టుకుంటుంది. సందులో ఎస్ఎన్ 4 చాలు, బండ్లు నడిచే చోట ఎస్ఎన్ 8.

నల్లమట్టిలో రబ్బరు రింగు జాయింట్ పెట్టించండి, సొల్యూషన్‌తో అంటించొద్దు. నేల కదిలినా రింగు కొంత సర్దుకుంటుంది. మూతి ఎప్పుడూ నీళ్లు వచ్చే వైపుకే ఉండాలి. పని కింది చివర మొదలుపెట్టి పైకి రావాలి. మలుపు దగ్గర 90 డిగ్రీల ఎల్బో వద్దు, రెండు 45లు వేయండి.

గడ్డపార
కాలువ అడుగున రాయి తగలకూడదు. మన హనుమకొండలో రెండు గడ్డపార పోట్లు పడితే చాలు, బండ తగులుతుంది. బండ మీద నేరుగా పైపు పెడితే ఆ ఒక్క చోటే బరువంతా పడి పగులుతుంది. నాలుగంగుళాలు ఎక్కువ తవ్వి ఇసుక లేదా క్రషర్ డస్ట్ పరిచి, దాని మీద పైపు పడుకోబెట్టండి. పక్కల కూడా డస్టే. తవ్విన నల్లమట్టి పెళ్లలు మళ్లీ కాలువలో వేయనివ్వకండి. మొరం తెప్పించి, ఆరంగుళాలకు ఒక వరుస, తడిపి దిమ్మిసతో కొట్టించండి. ఎండాకాలంలో పొడి పెళ్లలు నింపితే మృగశిరలో మొదటి వానకే సందంతా కుంగుతుంది.

రిటైర్డ్ డీఈ
పై మాటకు ఒకటి కలుపుతాను. రాతి పునాదికి ఆనుకుని అరవై అడుగుల కాలువ ఒకేసారి తెరిచి ఉంచవద్దు. పదిహేను, ఇరవై అడుగుల ముక్కలుగా తవ్వి, పైపు వేసి, మట్టం చూసి, నింపుకుంటూ రండి. పునాది అడుగు కంటే లోతుకు పోవద్దు. వాన సూచన ఉంటే ఆ రోజు తవ్వకమే వద్దు.

కరీంనగర్ రమక్క
చెల్లే, ఇంటి సంగతి అడుగుతున్నా అనుకోకు. లైన్ ఇద్దరిది కదా, మీ బావతో మాట అయిందా? మా ఇంట్లో ఇలాగే ఒకరు బాగుచేయించి ఇంకొకరు డబ్బు ఇవ్వక మాటలు బందైనాయి. పని మొదలుకాక ముందే కూర్చుని మాట్లాడుకోండి.

కుమార్‌పల్లి కోడలు
అయింది అక్కా. సందు లైన్ ఖర్చు మాది, ఎందుకంటే అది మా బాత్రూం, వంటింటికే. కలిసే చోట కట్టే చాంబర్ (మూత తీసి లైన్ శుభ్రం చేసుకునే తొట్టి), ట్యాంకు శుభ్రం చేయించడం చెరి సగం. బావే కాగితం మీద రాసి ఇద్దరితో సంతకం పెట్టించాడు. ఆయన బాత్రూం నేరుగా ఆరంగుళాల ముక్కలో కలుస్తుంది, దాన్ని కదిలించడం లేదు.

హంటర్ రోడ్ ప్లంబర్
కొత్త పైపు పాత మట్టి పైపుతో కలిసే చోటే ఎక్కువ మంది పాడుచేస్తారు. మట్టి పైపు మూతిలో పీవీసీ దూర్చి సిమెంట్ కూరితే అది నిలవదు. అక్కడ తప్పకుండా చాంబర్ కట్టించండి. మట్టి పైపును సుత్తితో కొట్టి తెంచొద్దు, పగులు అవతలి ముక్కల్లోకి పాకుతుంది. మంచిగా ఉన్న మీ వరండా లైన్ కూడా పోతుంది. డైమండ్ బ్లేడుతో చుట్టూ కోయించండి.

పీవీసీ నున్నగా ఉంటుంది కాబట్టి చాంబర్ గోడలో సిమెంట్ దాన్ని పట్టుకోదు, చుట్టూ సన్నటి సందు మిగులుతుంది. గోడలో వచ్చే భాగానికి ముందు రోజే సొల్యూషన్ పూసి, దాని మీద దొడ్డు ఇసుక చల్లి ఆరనివ్వండి. ఆ గరుకు మీద సిమెంట్ పట్టుకుంటుంది. చాంబర్ అడుగున సగం గొట్టం ఆకారంలో కాలువ తీసి, రెండు పక్కలా వాలుగా నున్నగా చేయాలి. అడుగు చదునుగా వదిలేస్తే మలం అక్కడే పేరుకుంటుంది. ప్రతి మలుపులో ఒక చాంబర్.

వంటింటి నీళ్లు నేరుగా కలపకండి. బయట గల్లీ ట్రాప్ పెట్టి, జాలీలో మెతుకులు, జిడ్డు ఆగాక లైన్‌లోకి రావాలి. ట్రాప్‌లో నీళ్లు నిలిచి ఉంటేనే బొద్దింకలు, వాసన లోపలికి రావు. మేడ మీది వాననీళ్లు మాత్రం ట్యాంకులోకి అసలే పోనివ్వకండి.

నయీంనగర్ 2023
మాది పల్లపు చోటు. 2023 జూలై చివర్లో వానలకు నాలా పొంగినప్పుడు వీధి నీళ్లు మోరీలోంచి ట్యాంకులోకి, ట్యాంకులోంచి లెట్రిన్‌లోకి ఎదురెక్కాయి. కింది గదిలో మా అమ్మ పడుకుని ఉంది. ఆ రోజు పడ్డ బాధ ఇంకొకరు పడకూడదు. ట్యాంకు నుంచి మోరీలోకి పోయే పైపుకు ఎదురు నీళ్లను ఆపే వాల్వ్ పెట్టించండి. అది చాంబర్ లోపల ఉండాలి, ఏడాదికోసారి తెరిచి కడిగేలా. చాంబర్ మూతలు నేల కంటే నాలుగంగుళాలు ఎత్తులో ఉంచండి.

కుమార్‌పల్లి కోడలు
మేం కొంచెం ఎత్తులోనే ఉన్నాం. అయినా వాల్వ్ పెట్టిస్తాను. పెరట్లో బోరు కూడా ఉంది, దాని గురించి ఏమైనా చూడాలా?

రిటైర్డ్ డీఈ
చూడాలి. సెప్టిక్ ట్యాంకు నీళ్లు ఇంకే గుంతకు, తాగునీటి బావికి లేదా బోరుకు మధ్య కనీసం 18 మీటర్లు ఉండాలని ఐఎస్ 2470 చెబుతుంది. రెండు వందల గజాల స్థలాల్లో అంత దూరం ఎవరికీ దొరకదు. పైగా మీ వంటింటి కింద ఇన్నేళ్లుగా కారుతోంది. ఆ బోరు నీళ్లు పరీక్ష చేయించేదాకా తాగడానికి, వంటకు వాడకండి. నల్లా పైపు ఎక్కడైనా కొత్త లైన్‌ను దాటితే నల్లాది పైన, మురుగుది కింద ఉండాలి.

మన నగరంలో చాలా కాలనీలకు ఇంకా భూగర్భ డ్రైనేజీ లేదు. ఎప్పుడు వచ్చినా కలుపుకోవడానికి వీలుగా చివరి చాంబర్‌ను గేటు దగ్గర కట్టించండి, అప్పుడు వరండా జోలికి పోకుండానే పని అవుతుంది.

మట్టెవాడ టీచర్
ట్యాంకు కూడా ఖాళీ చేయిస్తారు కదా. దయచేసి మనిషిని లోపలికి దించకండి. మూత తీసి కొంతసేపు వదిలితే గాలి పోతుంది అని చెప్పేవాళ్లు ఉంటారు, వినకండి. లోపలి విషవాయువుకు క్షణాల్లో స్పృహ పోతుంది, కాపాడటానికి దిగినవాళ్లూ చనిపోయిన సంఘటనలు ఎన్నో. 2013 చట్టం ప్రకారం రక్షణ లేకుండా మనిషిని దించడం నేరం. కార్పొరేషన్ అనుమతి ఉన్న ట్యాంకర్‌ను పిలిపించండి, మిషన్‌తో లాగుతారు. అది అమ్మవారిపేటలోని శుద్ధి కేంద్రానికే తీసుకెళ్లాలి. ఊరి చివర వాగులో పారబోయకుండా ముందే అడగండి.

కుమార్‌పల్లి కోడలు
అందరికీ దండాలు. సందు లైన్ అయిపోయింది. మూడు చాంబర్లు వచ్చాయి. కాలువ నింపకముందే నీళ్ల పరీక్ష చేశాం, రాత్రి నింపి పొద్దున చూస్తే గీత దగ్గరే ఉంది. మా సుతారే దిమ్మిస పట్టి మొరం వరుసలు కొట్టించాడు, ఒక్క పెళ్ల వేయనివ్వలేదు. వేపచెట్టు క్షేమం.

ఇక మిగిలింది వంటింటి కింది పాత మట్టి లైన్. అది అలాగే వదిలేసి పైన టైల్స్ వేయవచ్చా?

గడ్డపార
ఖాళీ గొట్టం వదలొద్దు అక్కా. పందికొక్కులు అందులో ఇల్లు కట్టుకుంటాయి. ఎప్పుడో పైపు పగిలితే పైన నేల కుంగుతుంది. వంటింట్లో ఎలాగూ తెరిచి ఉంది కాబట్టి అక్కడి ముక్కలు తీసేయండి. హాలు మూల కింద తీయరాని భాగంలో పలుచగా కలిపిన సిమెంట్, ఇసుక పోయించి రెండు చివర్లూ కాంక్రీటుతో మూసేయండి. వరండా వైపు మూసేటప్పుడు బావ వాళ్ల లైన్ లోపలికి ఆ మాలు జారకుండా ముందు ఇటుకతో అడ్డం కట్టాలి.

రిటైర్డ్ డీఈ
సరిగ్గా చెప్పారు. మురుగు పీల్చిన ఆ నల్లటి తడి మట్టిని కూడా, పొడి మట్టి తగిలేదాకా తీయించేయండి. మొరం నింపి కొట్టించి, కిటికీలు తెరిచి బాగా ఆరనివ్వండి. తర్వాత ఒక పాలిథిన్ షీట్ పరిచి దాని మీద కాంక్రీటు బెడ్. అది గట్టిపడ్డాక మీ టైల్స్ బాక్సులు తెరవండి.